అరకు పట్టాలు, ఎర్ర ఖాక్, విశాఖ ఫౌలాద్

అరకు సఫర్ అంటే మన ఖాందాన్లలో బచ్చాలకు సొరంగాలు లెక్కపెట్టడం, పెద్దలకు బొర్రా గుహలు, కాఫీ. కిటికీ సీటు కోసం కొట్లాడుకునే మనలో ఎంతమందికి ఎరుకో గానీ, ఆ పట్టాలు నజారాల కోసం వేసినవి కావు. లోహా కోసం వేసినవి.

యుద్ధం తర్వాత లేచి నిలబడుతున్న జపాన్‌కు ఇనుప ఖనిజం కావాలి, మన సర్కారుకు విదేశీ మారకం కావాలి. 1960లో ముఆహిదా కుదిరింది. బస్తర్‌లోని బైలాడిల్లా కొండల నుంచి కొత్తవలస దాకా దాదాపు 450 కిలోమీటర్ల లైను తూర్పు కనుమలను తొలుచుకుంటూ వచ్చింది. అరకు దగ్గరి శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు కాస్తే తక్కువ. 1968లో ఎన్‌ఎండీసీ గని షురూ అయింది. ఖనిజం అరకు మీదుగా విశాఖ రేవుకు, అక్కడి నుంచి జహాజుల్లో జపాన్‌కు. తమ కొండల మీదుగా పోయిన ఆ దౌలత్‌లో ఆదివాసుల హిస్సా ఎంత? ఈ సవాల్ నాకు ఇప్పటికీ తెగదు.

లైను తయారవుతున్న ఆ జమానాలోనే, 1966లో, ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం లేచింది. ఉక్కు ఈ నేల మాట, హక్కు మన అరబీ ‘హఖ్’. రెండూ ప్రాస కలిశాయి. పోలీసు కాల్పుల్లో జానులు పోయాయి. 1971లో పునాదిరాయి పడింది, 1992లో కర్మాగారం జాతికి అంకితమైంది.

ఇక్కడ ఒక ముష్కిల్ ఉంది. గనిలో రాయితో పాటు ఎర్ర ఖాక్, అంటే పొడి, గుట్టలుగా వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కింది నుంచి వేడిగాలి పైకి పోవాలి. పొడి పోస్తే దారులు మూసుకుంటాయి, కొలిమికి దమ్ ఆడదు. అందుకే పొడిలో బొగ్గునలుసు, సున్నపురాయి కలిపి, కదిలే ఇనుప జాలీ మీద పరిచి, పైన నిప్పంటించి, కింది నుంచి గాలి లాగుతారు. మంట పొర మెల్లగా కిందికి దిగుతుంది. గర్మీ 1300 డిగ్రీల దాకా పోతుంది. పొడి మొత్తం కరిగిపోదు, రేణువుల అంచులే కొద్దిగా కరిగి, చల్లారేసరికి గచ్చులా పట్టేస్తాయి. దాన్ని పగలగొట్టి జల్లెడ పడితే వచ్చే బొరియల గడ్డలే సింటర్. జల్లెడ కింద రాలిన పొడి మళ్లీ మొదటికే.

లోహపు పొడులతో ఈ హునర్ ఇంకా నఫీస్‌గా సాగుతుంది. హైదరాబాద్ బాలాపూర్‌లో 1997లో ఏర్పడిన ఏఆర్‌సీఐ సంస్థ పరిశోధించే ఇల్మ్ ఇదే. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. కానీ ఇనుప పొడిలో కాస్త రాగి, కాస్త గ్రాఫైట్ కలిపి, అచ్చులో గట్టిగా నొక్కి, 1120 డిగ్రీల దగ్గర ఉంచితే చాలు. రేణువులు తాకిన చోట అణువులు కదిలి సన్నని గర్దన్ కడతాయి, అది లావవుతుంది. రాగి 1085 దగ్గరే కరిగి సందుల్లోకి పాకుతుంది. మోటారు బండి ఆయిల్ పంపులో పళ్లచక్రాలు చాలావరకు ఇలా పుట్టినవే.

విశాఖ కర్మాగారం మాత్రం సొంత ఇనుప గని లేకుండానే మొదలైంది. అరకు దారే దానికి ఆసరా. వానాకాలంలో కొండచరియ విరిగి పట్టాల మీద పడితే మనం పిక్నిక్ ఖరాబైందని గునుస్తాం. ఆ రోజు ఎర్ర ఖాక్ మోసే బండ్లూ కొండల్లోనే నిలిచిపోతాయి.