ఎన్.బి.ఏ. మేటి జట్ల పోలిక

వేర్వేరు కాలాలకు చెందిన గొప్ప బాస్కెట్‌బాల్ జట్లలో ఏది మిన్న అన్నది అమెరికా క్రీడాభిమానుల మధ్య దశాబ్దాలుగా సాగుతున్న వాదము. ఈ వాదము ముఖ్యముగా అమెరికా, కెనడా జట్లు ఆడే వృత్తి క్రీడాకారుల లీగ్ అయిన నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్, అనగా ఎన్.బి.ఏ., చుట్టూ తిరుగుతుంది. 1946లో వేరొక పేరుతో మొదలైన ఈ లీగ్‌కు 1949లో నేటి పేరు వచ్చినది. తరచుగా పోల్చబడేవి మూడు జట్లు: 1957-1969 మధ్య కాలపు బోస్టన్ సెల్టిక్స్, 1995-96 నాటి చికాగో బుల్స్, 2015-16 నాటి గోల్డెన్ స్టేట్ వారియర్స్. ఈ మూడూ ఒకే ఆట ఆడినట్లు కనిపించినా, అవి ఆడిన నియమాలు మాత్రం ఒకటి కావు. కనుక గెలుపుల సంఖ్యలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పుట సరికాదు.

బోస్టన్ సెల్టిక్స్

ఈ జట్టు 13 సీజన్లలో 11 సార్లు విజేతగా నిలిచినది. అందులో 1959 నుండి 1966 వరకు వరుసగా 8 సార్లు. శిక్షకుడు రెడ్ ఆవర్‌బాక్ 1966లో ఆ బాధ్యత నుండి తప్పుకొనగా, జట్టుకు వెన్నెముక వంటి బిల్ రసెల్ ఒకవైపు ఆడుతూనే శిక్షకుడై 1968, 1969లలో మరి రెండు టైటిళ్ళు సాధించాడు. ఏడవ ఆట వరకు సాగిన 10 సిరీస్‌లలోనూ రసెల్ ఉన్న జట్టే నెగ్గినది.

ఈ విజయాలను తక్కువ చేసి చూపేవారు చెప్పే కారణము, 1960-61 వరకు లీగ్‌లో ఉన్నవి 8 జట్లే అని, ఆ దశకపు తొలి సగంలో రెండు సిరీస్‌లు గెలిచినంతనే సెల్టిక్స్‌కు టైటిల్ దక్కేదని. ఇది నిజమే. కాని తరగతిలో ఎనిమిది మందే ఉన్నప్పుడు, ఆ ఎనిమిది మందీ జిల్లా అంతటి నుండి ఏరి తెచ్చినవారైతే, అక్కడ మొదటి స్థానము సులభమని ఏ ఉపాధ్యాయుడూ అనడు. జట్లు తక్కువ కావడం వలన విల్ట్ చాంబర్లేన్ వంటి ఆటగానిని రసెల్ ఒకే సీజనులో పలుమార్లు ఎదుర్కొనవలసి వచ్చేది.

రసెల్ విషయములో మరొక అన్యాయము కూడా ఉన్నది. ప్రత్యర్థి షాట్లను గాలిలోనే అడ్డుకొనుట, అనగా బ్లాక్ చేయుట, అతని ప్రధాన విద్య. అయితే ఎన్.బి.ఏ. బ్లాకులను అధికారికముగా లెక్కించుట 1973-74లో ప్రారంభించినది. రసెల్ 1969లోనే విరమించాడు. అందుచేత అధికారిక పట్టికలలో అతని బ్లాకుల గడి ఖాళీగా ఉంటుంది. కేవలం గణాంకాలు చూసి పోల్చేవారికి అతని ఆటలో సగము కనబడదు.

చికాగో బుల్స్

బేస్‌బాల్ ఆడుటకు వెళ్ళిన మైకేల్ జోర్డాన్ 1995 మార్చిలో తిరిగి వచ్చాడు. మరుసటి సీజనులో అతడు, స్కాటీ పిప్పెన్, డెన్నిస్ రాడ్‌మన్ కలసి, ఫిల్ జాక్సన్ శిక్షణలో 82 ఆటలకు 72 గెలిచారు. ప్లేఆఫ్స్‌లో 15 గెలిచి 3 ఓడారు. ఫైనల్‌లో సియాటిల్ సూపర్‌సోనిక్స్‌పై 4-2తో నెగ్గారు.

ఈ లెక్కను చదివేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఆ సంవత్సరమే టొరంటో, వాంకూవర్ నగరాల కొత్త జట్లు చేరి లీగ్ 29 జట్లకు పెరిగినది. బలహీనమైన ప్రత్యర్థులు పెరిగారు. విచిత్రమేమనగా బుల్స్ ఓడిన 10 ఆటలలో ఒకటి ఆ టొరంటో జట్టు చేతిలోనే, 1996 మార్చి 24న, 109-108తో. ఇక రెండవది, మూడు పాయింట్ల గీత. 1979-80లో ప్రవేశపెట్టిన ఈ గీత దూరము మూలలలో తప్ప 23 అడుగుల 9 అంగుళాలు. 1994-95 నుండి 1996-97 వరకు మాత్రము దానిని అంతటా 22 అడుగులకు తగ్గించారు.

గోల్డెన్ స్టేట్ వారియర్స్

2015-16 సీజనును వరుసగా 24 విజయాలతో ఆరంభించిన ఈ జట్టు 73 గెలిచి, 9 మాత్రమే ఓడి, బుల్స్ రికార్డును దాటినది. స్టీఫెన్ కర్రీ ఆ సీజనులో 402 మూడు పాయింట్ల షాట్లు వేశాడు. కాని ఫైనల్‌లో 3-1 ఆధిక్యములో ఉండి కూడా క్లీవ్‌లాండ్ కావలియర్స్ చేతిలో 4-3తో ఓడినది. టైటిల్ లేని రికార్డును అత్యుత్తమమనుటకు చాలామంది అంగీకరించరు. మరుసటి ఏడు కెవిన్ డ్యురంట్ చేరగా జట్టు గెలుపులు 67కు తగ్గినా, ప్లేఆఫ్స్‌లో 16 గెలిచి ఒకటే ఓడి విజేత అయినది. పోలికకు ఈ 2016-17 జట్టునే తీసుకొనుట ఉచితము.

నియమాల తేడా

సెల్టిక్స్ కాలములో మూడు పాయింట్ల షాటే లేదు. 1979-80లో ఒక్కో జట్టు ఆటకు సగటున మూడు కూడా ప్రయత్నించలేదు. 2015-16లో వారియర్స్ 31కి పైగా ప్రయత్నించారు. అలాగే ఒక్కొక్కరిని కాక ఒక ప్రాంతమును కాపాడే జోన్ రక్షణను 2001-02లో అనుమతించారు. బయటి ప్రాంతములో ఆటగాని ఒంటిపై చేయి ఉంచి నిలువరించుటపై 2004-05లో కట్టడి కఠినమైనది. బుల్స్, వారియర్స్ తలపడితే ఎవరు గెలుస్తారు అని అడిగేవారు ముందు ఏ సంవత్సరపు నియమాలతో అన్నది చెప్పవలెను. పాత నియమాలైతే కర్రీని పిప్పెన్ గట్టిగా నిలువరించగలడు. కొత్తవైతే కర్రీకి ఎక్కువ చోటు దొరుకుతుంది.

కొలమానాలు

ఒక జట్టు తన సమకాలీనుల కంటే ఎంత ముందున్నదో చూచుట కొంత మేలైన పద్ధతి. దీనికి ఆటకు సగటు పాయింట్ల తేడాను వాడుతారు. వరుసగా 33 ఆటలు గెలిచిన 1971-72 లాస్ ఏంజిలస్ లేకర్స్‌కు ఈ తేడా 12.3, బుల్స్‌కు 12.2, 2015-16 వారియర్స్‌కు 10.8, 2016-17లో 11.6. 2024-25లో ఓక్లహోమా సిటీ థండర్ 12.9తో వీటన్నిటినీ మించి టైటిల్ కూడా గెలిచినది.

ఈ కొలమానమునకూ లోపాలున్నవి. లేకర్స్ గెలిచిన రోజులలో 1967-1976 మధ్య నడిచిన పోటీ లీగ్ ఏ.బి.ఏ. మంచి ఆటగాళ్ళను పంచుకొన్నది, 1970-71లో ఎన్.బి.ఏ. కూడా 14 నుండి 17 జట్లకు పెరిగినది. పైగా ఇది ఒక్క సీజనును కొలిచేది. రసెల్ కాలపు సెల్టిక్స్ ఏ సీజనులోనూ 10 పాయింట్ల తేడాను చేరలేదు కనుక ఈ పట్టికలో వెనుకబడతారు. పదమూడేళ్ళ నిలకడకు ఇందులో చోటు లేదు. 1996లో ఎన్.బి.ఏ. తన స్వర్ణోత్సవ సందర్భముగా 10 గొప్ప జట్లను ప్రకటించినప్పుడు కూడా, ఆ 11 టైటిళ్ళ పరంపర నుండి 1964-65 జట్టు ఒక్కటే ఎంపికైనది.

స్టీవ్ కెర్ 1995-96 బుల్స్‌లో ఆటగాడు, 2015-16 వారియర్స్‌కు ప్రధాన శిక్షకుడు. వెన్నునొప్పి కారణముగా ఆ సీజను తొలి 43 ఆటలకు అతని స్థానములో సహాయకుడు ల్యూక్ వాల్టన్ జట్టును నడిపాడు. ఆ 43లో వారియర్స్ 39 గెలిచినది. నియమముననుసరించి ఆ విజయాలు సైతం కెర్ ఖాతాలోనే చేరినవి.