మహావృక్షం పైరైంది

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని వెక్కిరిస్తాం. ఆ మాటలో అన్యాయం ఉంది. మంచు పడని చోట నరక్కుండా వదిలేస్తే ఆముదం ఏళ్ల తరబడి బతుకుతుంది. ముప్ఫై అడుగులు దాటి నిజంగానే చెట్టవుతుంది. ఏటా విత్తి ఏటా కోసే పైరుగా దాన్ని కుదించింది మనుషులే. ఆ కుదింపులో పెద్ద మలుపు మన హైదరాబాద్‌లోనే తిరిగింది.

ఆముదం పుట్టిల్లు ఇథియోపియా ప్రాంతమని ఎక్కువమంది వృక్షశాస్త్రవేత్తల అభిప్రాయం. ప్రాచీన ఈజిప్టు సమాధుల్లో ఆముదం గింజలు దొరికాయి. క్రీ.పూ. 1550 ప్రాంతపు ఎబర్స్ పపైరస్ అనే వైద్యగ్రంథంలో దీన్ని మందుగా చెప్పారు. క్రీ.పూ. 5వ శతాబ్దిలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, ఈజిప్టువాళ్లు ఈ నూనెతో దీపాలు పెడతారనీ వాసన మాత్రం ఘాటనీ రాశాడు. కొందరు గింజల్ని దంచి పిండుతారని, కొందరు వేయించి, ఉడకబెట్టి తేరిన నూనె తీసుకుంటారని కూడా చెప్పాడు. మన పల్లెల్లో గానుగాముదం, వంటాముదం అని వేరు చేసి చెప్పుకునేది సరిగ్గా ఈ రెండు పద్ధతులనే! మన చరక, సుశ్రుత సంహితల్లో ఇదే ఏరండం. విరేచనానికీ వాతపు నొప్పులకూ మందు.

గింజ బరువులో దాదాపు సగం నూనె. ఆ నూనెలో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. ఆముదం జిడ్డూ చిక్కదనమూ దీని చలవే. ఒకనాడు విమానాల ఇంజన్లలో కందెనగా పోశారంటే కారణమూ ఇదే. పేగు కండరాల మీది ఈపీ3 అనే గ్రాహకాన్ని ఈ ఆమ్లం తట్టిలేపడం వల్లే విరేచనం అవుతుందని 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు తేల్చారు. గర్భసంచి కండరాల మీదా అదే ప్రభావం ఉంటుంది. గర్భిణులకు ఆముదం పట్టవద్దనే పెద్దల మాటకు శాస్త్రం ఇన్నాళ్లకు కారణం చెప్పింది. రిసిన్ అనే విషం మాత్రం నూనెలోకి రాదు, పిండిలో ఉండిపోతుంది. అందుకే ఆముదం పిండి పొలానికి ఎరువే గాని, విషం విరవకుండా పశువుకు మేత కాదు.

ఇక మొక్క సంగతి. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి చల్కా నేలలో వానలు మొహం చాటేసినా కొన్నాళ్లు తట్టుకుంటుంది. కాండం మీద తెల్లని పిండి పూత బాగా ఉన్న రకాల జోలికి పచ్చదోమ అంతగా రాదు. ఒకే గెలలో కింద మగపూలు, పైన ఆడపూలు ఉంటాయి. పుప్పొడిని మోసేది ఎక్కువగా గాలే. మొదటి గెల ముదిరేసరికి పక్క కొమ్మల్లో రెండోది, ఆపైన మూడోది వస్తాయి. కాబట్టి కోత ఒక్కసారితో తీరదు. వేడి పెరిగితే మగపూలు ఎక్కువవుతాయి, వాతావరణం చల్లగా ఉంటే ఆడపూలు పెరుగుతాయి. సంకర విత్తనం తయారీలో ఈ గుణాన్ని వాడుకుంటారు.

ఇప్పుడు మొదట చెప్పిన హైదరాబాద్ మలుపు. హెచ్‌సీ-6 అనే పాత హైదరాబాద్ రకం కోతకు రావడానికి 270 రోజులు పట్టేది. తొమ్మిది నెలలు పొలం కట్టుబడిపోతే రైతు మరో పంట మాటే ఎత్తలేడు. దాని గింజల మీద న్యూట్రాన్ కిరణాలు ప్రసరింపజేసి, పుట్టిన మొక్కల్లోంచి ఏరి 'అరుణ' అనే రకాన్ని తీశారు. అది 120 రోజుల్లో కోతకొచ్చింది. అణుశక్తి మెట్టరైతుకు చేసిన మేళ్లలో దీన్ని ముందు వరుసలో పెట్టాలి.

1968లో గుజరాత్ మరో దారి పట్టింది. అమెరికాలోని టెక్సస్ నుంచి వచ్చిన, అన్నీ ఆడపూలే పూసే వంగడాన్ని మన దేశపు వంగడంతో కలిపి జీసీహెచ్-3 సంకర రకాన్ని విడుదల చేసింది. సంకర విత్తనానికి నీటి వసతి తోడై అక్కడ దిగుబడి ఎక్కడికో వెళ్లిపోయింది. ఈవేళ ప్రపంచపు ఆముదంలో అత్యధిక భాగం భారతదేశానిదైతే, అందులోనూ సింహభాగం గుజరాత్‌ది. ఒకనాడు ఆముదానికి పేరుపడ్డ నల్లగొండ, పాలమూరు వెనకబడ్డాయి.

ఇది రైతు అసమర్థత అనుకుంటే పొరపాటు. మన దగ్గర జూన్, జూలైలో విత్తిన ఆముదం గెల వేసే వేళకు ముసురు పట్టుకుంటుంది, తుఫాను వానలు కురుస్తాయి. ఆ తడికి బొట్రైటిస్ బూజు గెలనంతా కమ్మేసి కాయల్ని కుళ్లబెడుతుంది. గుజరాత్‌లో ఆ రోజుల్లో ఆకాశం పొడిగా ఉంటుంది. దాసరి పురుగును మందు కొట్టో చేత్తో ఏరో అదుపు చేయవచ్చు, ముసురును ఏం చేస్తాం?

నాగర్‌కర్నూలు జిల్లా పాలెం పరిశోధనా స్థానం క్రాంతి, హరిత వంటి రకాలనూ పీసీహెచ్-111 వంటి సంకరాలనూ ఇచ్చింది. అంతకంటే ముఖ్యమైనది దాని సలహా: బోరు కింద కాస్త నీరున్నవాళ్లు రబీలో, సెప్టెంబరు రెండో పక్షం నుంచి అక్టోబరు మొదటి పక్షం లోపు విత్తుకోవాలి. గెల పడేసరికి వానలు వెనకబడతాయి, చలికి ఆడపూలూ పెరుగుతాయి. నీటి వసతి ఉండి కూడా ఖరీఫ్ ఆముదాన్నే నమ్ముకుని బూజుకు పంట అప్పగిస్తున్నవాళ్లు ఒక ఎకరంలోనైనా రబీ ఆముదం వేసి చూడాలి.