కుండల్‌వాడిలో పట్టిన నిద్ర: రైలువాళ్ళ విశ్రాంతి గురించి కొంత చరిత్ర

వేసవిలో ఎక్కడికి వెళ్ళారని చాలామంది అడిగారు. ఊటీ కాదు, కొడైకెనాల్ కాదు. మే నెలలో, ఎండకు భయపడి జనం పారిపోయే మరాఠ్వాడాకు వెళ్ళాం. నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలోని కుండల్‌వాడి మా పెద్దమ్మాయి అత్తగారి ఊరు. ఎప్పటిలాగే ఒక మనవి: మేము చదివింది తమిళ మీడియంలో, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దండి.

ఆ ఊరికి వెళ్ళాలంటే సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్ళే లైనులో ధర్మాబాద్‌లో దిగి, గోదావరి దాటాలి. ఈ లైను 1899-1901 మధ్య హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వేగా, మీటర్ గేజ్‌లో వేసింది. అప్పుడు ఇదంతా నిజాం రాజ్యం. 1956 నవంబర్ 1న రాష్ట్రాలను తిరిగి విడగొట్టినప్పుడు ముథోల్, బాసర వైపు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి, కుండల్‌వాడి బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి పోయింది. గీత మారింది గాని మాట మారలేదు. బజారులో మరాఠీ, బడిలో మరాఠీ, వాకిట్లో తెలుగు. తమిళనాడులో పుట్టి పెరిగిన మాకు అది కొత్తగా అనిపించలేదు. మన ఇళ్ళూ అంతేగా.

ఇక అసలు విషయం. మాకు నిద్ర పట్టక చాలా ఏళ్ళయింది. బుకింగ్ ఆఫీసులోనూ పార్సిల్ ఆఫీసులోనూ ముప్పై ఆరేళ్ళు రోస్టర్ ప్రకారం బతికాం. వారంలో రెండు రాత్రులు మేలుకుని, మిగతా రాత్రులు నిద్రపొమ్మంటే ఒళ్ళు వినదు. రిటైరయ్యాక కూడా తెల్లవారుజామున మూడు దాటగానే కళ్ళు తెరుచుకుంటాయి, రిలీవర్ వచ్చాడా అని. దానికి తోడు కుడి మోకాలు, బీపీ, రాత్రి మూడుసార్లు లేవడం. మా ఆవిడకు గ్యాస్. అరవై దాటితే ఇవన్నీ ఉండేవే అని ఊరుకున్నాం.

రైల్వేలో విశ్రాంతికి ఒక చట్టం ఉందని ఇంట్లోవాళ్ళకు తెలియదు. 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సమావేశం పనిగంటల ఒప్పందం చేసింది. 1921లో జెనీవాలో వారానికి ఒక రోజు సెలవు ఒప్పందం వచ్చింది. రెంటికీ ఇండియా ఒప్పుకుంది. అయినా రైల్వే చట్టంలో అవి చేరింది 1930లో. వారానికి సగటున 60 గంటలు, మధ్యమధ్య ఖాళీ ఉండే పనులకు 84 గంటలు. 84 అంటే రోజుకు 12 గంటలు, ఏడు రోజులూ. గేటు దగ్గర కూర్చుని రైలు కోసం ఎదురుచూసే మనిషి సగం విశ్రాంతిలో ఉన్నట్టేనని లెక్క వేశారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, 1947లో, జస్టిస్ రాజాధ్యక్ష తీర్పు మా క్లర్కుల్లాంటి వారికి 54 గంటలకు, గేట్‌మన్‌ల వంటివారికి 75కు తగ్గించింది. 1969లో వేసిన మియాభాయ్ ట్రిబ్యునల్ 1972లో నివేదిక ఇచ్చాక ఇంకొంత తగ్గింది. ఇంజన్ డ్రైవర్లు 1973 ఆగస్టులో సమ్మె చేస్తే గాని 10 గంటల డ్యూటీ హామీ రాలేదు.

మా నాన్నగారు అరక్కోణం దగ్గర గేట్‌మన్. ఎదురుచూడటం సగం విశ్రాంతి అన్న లెక్క వేసినవాళ్ళు ఒక్క రాత్రి ఆయన పక్కన కూర్చుని ఉంటే బాగుండేది. పగలు పడుకునేవారు. అమ్మ కిటికీకి తడి చీర కట్టేది, పిల్లలం గుసగుసలాడుకునేవాళ్ళం. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది, 27న విరమించారు. ఆ ఇరవై రోజులూ నాన్న రాత్రిపూట ఇంట్లో ఉన్నారు. డ్యూటీ లేదు గదా, హాయిగా నిద్రపోతారనుకున్నాం. ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు. పోలీసులు ఎప్పుడు వస్తారో, క్వార్టర్ ఎప్పుడు ఖాళీ చేయమంటారో. సెలవు ఉన్నా చెవి తలుపు మీద ఉంటే అది విశ్రాంతి కాదని మాకు అప్పుడు అర్థం కాలేదు. మాకు అప్పుడు పద్నాలుగేళ్ళు.

కుండల్‌వాడిలో మొదటి రాత్రి ఏమీ బాగా జరగలేదు. గదిలో ఫ్యాను కింద పడుకుంటే పగలంతా కాగిన గోడలు రాత్రి సెగ వదులుతున్నాయి. మూడింటికి లేచి ఫోను చూస్తూ కూర్చున్నాం. వియ్యంకుడుగారు నీళ్ళు తాగడానికి లేచి చూశారు, ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం డాబా మీద రెండు బిందెల నీళ్ళు చల్లించి, మంచాలు వేయించి, బొంతలు పరిపించారు. ఏడున్నరకే జొన్నరొట్టె, మజ్జిగ. తర్వాత చెయ్యి చాపారు. "బావగారూ, ఫోన్ ఇటియ్యుండ్రి. చేతి గడియారం గూడ. పొద్దు పొడిస్తె మేమే లేపుతం."

ఇవ్వడానికి ఎంత ఇబ్బంది పడ్డామో చెబితే నవ్వుతారు.

ఆరుబయట నిద్ర ఎందుకు పడుతుందో తర్వాత చదివాం. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం తగ్గాలి. మబ్బు లేని పొడి రాత్రి డాబా తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, గదికి ఆ వీలు లేదు. పొద్దున ఎండ నేరుగా కంట్లో పడితే లోపలి గడియారం సరిపడుతుంది. ఆ గడియారం జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి చెప్పినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు నోబెల్ ఇచ్చారు. మా వియ్యపురాలికి ఆ పేర్లు తెలియవు, నీళ్ళు ఎన్ని గంటలకు చల్లాలో తెలుసు.

అన్నీ సుఖాలే అనుకోకండి. మెట్లెక్కి దిగడంతో మూడో రోజు మోకాలు పట్టేసింది. మంచాలు వాకిట్లోకి, వేపచెట్టు కిందికి మారాయి, దోమతెర కట్టారు. రాత్రి లేవడం గురించి మా డాక్టరుకు ఫోను చేస్తే, సాయంత్రం వేసుకుంటున్న బీపీ మాత్ర మూత్రం ఎక్కువ చేసే రకమనీ, పొద్దున వేసుకోమనీ చెప్పారు. ఇన్నేళ్ళూ ఎప్పుడు వేసుకోవాలో మేము అడగనే లేదు. మీరు మాత్రం మీ డాక్టరును అడక్కుండా మాత్రల వేళలు మార్చకండి. మూడు సార్లు ఒకటయింది. మోకాలు అలాగే ఉంది.

ఆరో రాత్రి ఎక్కడో దూరంగా హారన్ వినిపించింది. లారీదో బస్సుదో. ఏ బండి, ఎంత లేటు అని లెక్క వేయకుండా పక్కకు తిరిగి పడుకున్నామని మా ఆవిడ పొద్దున చెప్పింది. మాకైతే జ్ఞాపకం లేదు.

ఇంటికి వచ్చి పది రోజులయింది. మొదటి రాత్రి మళ్ళీ మూడుంపావుకు మెలకువ వచ్చింది. మా అపార్టుమెంటు డాబాకు తాళం వేసి ఉంటుంది. వాచ్‌మన్‌ను తాళంచెవి అడిగాం. నీళ్ళ ట్యాంకు మనిషి దగ్గర ఉందట, శనివారం వస్తాడట.