అభిమానుల ఆహార్యము : కర్తృత్వ విచారము

భరతముని నాట్యశాస్త్రమున అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించెను. వీనిలో ఆహార్యమునకు ఆయన ఇచ్చిన స్థానము సామాన్యమైనది కాదు. జీవుడు ఒక దేహమును విడిచి వేఱొక దేహమును, దానితోపాటు దాని స్వభావమును పొందునట్లు, నటుడు వర్ణవేషములచే తన స్వభావమును మఱుగుపఱచి పరస్వభావమును పొందునని ఆయన మతము. నేపథ్యవిధిని పుస్తము, అలంకారము, అంగరచన, సజీవము అని మరల నాలుగుగా విభజించి ఒక్కొక్కదానికి విధానమును చెప్పెను. మారేడు గుజ్జుతో గుడ్డను అంటించి ప్రతిశీర్షములను చేయు పద్ధతి సైతము అందు కలదు. అంతియే కాదు. నాట్యబృందమున ఎవరెవరు చేరుదురో చెప్పు సందర్భమున నటునితోను సూత్రధారునితోను పాటు కిరీటములు చేయువానిని, ఆభరణములు కూర్చువానిని, మాలలు కట్టువానిని, వేషము దిద్దువానిని, చిత్రకారుని, రజకుని గూడ పేర్కొనెను. అనగా వేషమును ధరించినవాడే కాక దానిని నిర్మించినవాడును నాట్యమునకు కర్తయే యని ప్రాచీనులు అంగీకరించిరి.

ఆధునిక కాలమున ఈ అంగీకారము సడలినది. మన నాటకరంగ చరిత్రలలో నాటకకర్త, నటుడు, పద్యపఠనము, రాగము అను విషయములు విస్తరముగా చర్చింపబడినవి. ఒక నటుడు ఏ పద్యమును ఎంతసేపు ఆలాపించెనో మనకు తెలియును. అతని భుజకీర్తులను చెక్కినవాడెవడో తెలిసికొనవలెనన్న కోరిక మనకు అరుదుగా కలిగినది. ఈ వ్యాసమున నేను విచారింపదలచిన ప్రశ్న ఇదియే: ఆహార్యమునకు కర్త ఎవరు? ధరించినవాడా, నిర్మించినవాడా?

ఈ ప్రశ్నను పరిశీలించుటకు వృత్తికళాకారులకంటె అభిమానుల చరిత్ర ఎక్కువగా ఉపకరించును. వృత్తికళాకారునకు వేషము జీవనోపాధి. అభిమాని మాత్రము ప్రతిఫలాపేక్ష లేక, తెరపైనో రంగస్థలముపైనో తాను చూచి ప్రేమించిన పాత్రను తన చేతులతో మరల సృష్టింప గోరును. అట్టి అభిమానము ఒక ఉద్యమముగా రూపొందిన ప్రథమ ఘట్టము అమెరికాలో జరిగినది. అచ్చటి అభిమానులు తమ విషయములను తామే పత్రికలలో ప్రకటించుకొనుచుండిరి. కావున దాని చరిత్రకు లిఖితాధారములు మిగిలినవి. ముందుగా ఆ ఉదాహరణమును గ్రహించి, పిమ్మట మన రంగస్థలమునకు వత్తము.

1926లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అమెరికాలో 'అమేజింగ్ స్టోరీస్' అను పత్రికను వైజ్ఞానిక కల్పనాకథలకై ప్రత్యేకముగా ప్రారంభించెను. పాఠకుల ఉత్తరములను వారి చిరునామాలతో సహా ప్రకటించుట ఇట్టి పత్రికలలో ఆచారమైనది. దాని ఫలితముగా దూరదూరముల నున్న పాఠకులు ఒకరికొకరు జాబులు వ్రాసికొనసాగిరి. జాబులనుండి సంఘములును, సంఘములనుండి అభిమాన పత్రికలును పుట్టినవి. లాస్ ఏంజెలిస్ నగరమున అట్టి సంఘమొకటి 1934లో ఏర్పడెను. అందు ప్రముఖుడు 1916లో జన్మించిన ఫారెస్ట్ జె. అకెర్‌మన్. ఆ సంఘమునకు చెందిన మఱొక వ్యక్తి మర్టిల్ ఆర్. డగ్లస్. ఈమె 1904లో జన్మించెను. 'మోరోజో' అను పేరుతో అభిమానులలో ప్రసిద్ధురాలయ్యెను. ఎస్పరాంటో భాషలో తన పేరులోని మొదటి అక్షరములను పలుకు విధమునుండి ఆమె ఈ పేరును కల్పించుకొనెను.

మోరోజో దైనందిన జీవితమున ఈ అభిమానము ఎంతటి శ్రమతో కూడినదో గమనింపదగును. అకెర్‌మన్‌తో కలసి 'వాయిస్ ఆఫ్ ది ఇమాజినేషన్' అను పత్రికను ఆమె 1947 వఱకు నడపెను. అందు ముఖ్యముగా ప్రకటింపబడినవి పాఠకుల జాబులు. అట్టి సైక్లోస్టైలు పత్రికకు వచ్చిన జాబులను ఏర్చి, స్టెన్సిలుపై టైపుచేసి, ప్రతులు తీసి, మడిచి, తపాలాలో వేయవలెను. ఈ పనియంతయు అభిమానులు స్వయముగా చేసికొనునదే. ఆమె 'గుటెటో' అను వేఱొక పత్రికను స్వతంత్రముగా గూడ వెలువరించెను. కనుక ఆమెను కేవలము ఒకరికి వేషము కుట్టి యిచ్చిన స్త్రీగా భావించుట పొరపాటు. ఆమె సంపాదకురాలు, భాషాభిమాని, సంఘనిర్మాత. ఆమె సూదిపని ఈ వ్యాసంగములలో ఒకటి.

1939 జూలై 2, 3, 4 తేదీలలో న్యూయార్కు నగరమున మొదటి ప్రపంచ వైజ్ఞానిక కల్పనాసాహిత్య సమ్మేళనము జరిగెను. ఆ సంవత్సరమే అచ్చట రేపటి ప్రపంచమును ప్రదర్శించు గొప్ప వస్తుప్రదర్శనము సాగుచుండుటచే సమ్మేళనమునకు ప్రపంచ నామము కలిగినది. హాజరైనవారు సుమారు 200 మంది. వారిలో వేషధారణముతో వచ్చినవారు ఇద్దఱే: అకెర్‌మన్, మోరోజో. ఆకుపచ్చని పైవస్త్రము, బిగుతైన లాగు గల అకెర్‌మన్ వేషమును ఊహించినదియు కుట్టినదియు మోరోజోయే. తానును భవిష్యత్కాలమునకు తగిన వేషమునే ధరించెను. 'భవిష్యత్తు', 'వేషము' అను అర్థముగల రెండు ఆంగ్లపదములను కలిపి వారు దీనికి 'ఫ్యూచరిస్టికాస్ట్యూమ్' అని పేరు పెట్టిరి. సమ్మేళనమునకు అందఱును వేషములతో వత్తురని తాను తలచినట్లు అకెర్‌మన్ తరువాత చెప్పెను.

ఈ వేషమునకు మూలములు రెండు. పత్రికలకు ముఖచిత్రములు వ్రాసిన ఫ్రాంక్ ఆర్. పాల్ చిత్రములు ఒకటి. ఆ పాల్ ఆ సమ్మేళనమునకే గౌరవాతిథి. 1936లో విడుదలైన 'థింగ్స్ టు కమ్' అను చలనచిత్రము రెండవది. హెచ్.జి. వెల్స్ 1933లో ప్రకటించిన గ్రంథము ననుసరించి ఆయనయే చిత్రానువాదము వ్రాయగా, విలియం కామెరన్ మెంజీస్ దర్శకత్వము వహించెను. 2036వ సంవత్సరమున జరుగు దాని కడపటి భాగమున పాత్రలు విశాలమైన భుజములుగల పొట్టి అంగీలను, పైవస్త్రములను ధరించి కనబడుదురు. చిత్రమును ఇంటిలో మరల మరల చూచు సాధనములు ఆనాడు లేవు. చీకటిలో క్షణకాలము కనబడి మాయమైన ఒక మడతను, ఒక అంచును జ్ఞాపకముంచుకొని, ముద్రిత చిత్రములతో పోల్చుకొని, చదునైన గుడ్డను దేహమునకు అమరునట్లు కత్తిరింపవలెను. కెమెరాకు ఒక వైపునుండి మాత్రమే కనబడు వేషము సభలో అన్ని వైపులనుండియు కనబడును. నడచినపుడును కూర్చున్నపుడును నిలువవలెను. తెరపై లేని వీపు భాగమును కుట్టునది తన ఊహచే కల్పింపవలెను. కాబట్టి ఇది అనుకరణ మనుటకంటె ఒక విధమైన వ్యాఖ్యాన మనుట యుక్తము. మూలమున లేని దానిని మూలధర్మమునకు విరోధము రాకుండ పూరించుట వ్యాఖ్యాత పని గదా.

1940లో చికాగో నగరమున జరిగిన రెండవ సమ్మేళనమున వేషధారణ కార్యక్రమము అధికారికముగా చేర్చబడెను. ఇదికాక మోరోజో బసచేసిన గదిలోను ఒక వేషగోష్ఠి జరిగినది. అధికారిక పోటీలో ప్రథమ స్థానము డేవిడ్ కైల్‌కు లభించెను. ఆయన ధరించినది 'ఫ్లాష్ గోర్డన్' చిత్రకథలలోని మింగ్ అను క్రూరప్రభువు వేషము. దానిని నిర్మించినది లెస్లీ పెర్రీ అను స్త్రీ. ఇచ్చటను పూర్వోదాహరణమందలి స్థితియే కనబడుచున్నది: బహుమానము ధరించినవానిది, పనితనము కుట్టినదానిది.

1941లో డెన్వరునందు జరిగిన మూడవ సమ్మేళనమునకు మోరోజో ఎ. మెరిట్ వ్రాసిన 'ది మూన్ పూల్' నవలలోని కప్పరూపముగల అక్కా అను ప్రాణి వేషమున వచ్చెను. ఆ ముఖమును చేసినవాడు, అప్పటికి ఇరువది యేండ్లు దాటిన యువకుడు, తరువాతి కాలమున చలనచిత్రములలో బొమ్మలకు ప్రాణము పోసిన రే హారీహాసెన్. భరతుని పరిభాషలో చెప్పవలెనన్న 1939నాటి వస్త్రము అలంకారమునకును, ఈ కప్పముఖము పుస్తమునకును ఉదాహరణములు. యుద్ధమువలన నాలుగు సంవత్సరములు సమ్మేళనములు జరుగలేదు. 1946లో లాస్ ఏంజెలిస్‌లో మరల జరిగినపుడు మోరోజో మెరిట్ రచనలోనిదే యగు సర్పమాత వేషమును ధరించెను. అకెర్‌మన్ సమ్మేళనములలో వేషము వేయుటను అంతకుముందే మానెను. అనగా ఈ కళను అనుష్ఠానముగా కొనసాగించినది ఆమెయే.

అయినను సామాన్య కథనములలో ప్రథమ వేషధారి యను కీర్తి చిరకాలము అకెర్‌మన్‌కే దక్కినది. దీనికి కారణములు మూడు. మొదటిది, ఛాయాచిత్రము ధరించినవానిని చూపును గాని కుట్టినవారిని చూపదు. రెండవది, స్త్రీలు కుట్టు బట్టను గృహకృత్యముగా ఎంచి, కళగా ఎంచని అలవాటు. మూడవది ఆయుర్దాయము. మోరోజో 1964లో మరణించెను. అకెర్‌మన్ 1958నుండి భయానక చలనచిత్రములను గూర్చిన ప్రసిద్ధ పత్రికకు సంపాదకుడై, 2008 వఱకు జీవించి, ఆ కథను అనేక తరముల వారికి చెప్పెను. ఇందు ఆయనను నిందింపరాదు. వేషమును మోరోజోయే నిర్మించినదని ఆయనయే తెలిపెను. ఆమె స్మృత్యర్థము ఒక సంచికను గూడ ప్రకటించెను. లోపము, విన్నదానిని సంగ్రహించి చెప్పిన తరువాతి వారిది.

ఈ అభిమాన కళకు నేడు ప్రపంచమంతట వ్యాపించిన 'కాస్‌ప్లే' అను పేరు జపానునందు పుట్టినది. వేషము, క్రీడ అను అర్థములుగల ఆంగ్లపదములను కుదించి జపానీయులు దీనిని చేసిరి. 1984లో లాస్ ఏంజెలిస్ సమ్మేళనమును చూచి వచ్చిన నొబుయుకి తకహాషి దీనిని కల్పించెనని తఱచుగా వ్రాయుదురు. కాని ఆయన వ్యాసము 1983లోనే 'మై అనిమె' పత్రికలో వెలువడినది. ముద్రిత సాక్ష్యము నెదుట ప్రచారకథ నిలువదు. కర్తృత్వ విషయమునను ఇదే న్యాయము వర్తించును.

ఇక మన రంగస్థలమునకు వత్తము. మన పగటివేషములలో కర్తయు ధరించువాడును తఱచుగా ఒక్కడే. అర్ధనారీశ్వర వేషమున ఒకే దేహమున సగము పురుషునిగను సగము స్త్రీగను అంగరచన చేసికొని, అడ్డుగుడ్డను మార్చుచు రెండు పాత్రలను నడపుట ఆ కళాకారులకు పరీక్ష వంటిది. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో ఆరంభమైన సురభి నాటక సమాజములలో ఆహార్యము కుటుంబసంపద. తెరలు, కిరీటములు, వస్త్రములు, మాయదృశ్యముల సాధనములు ఇంటివారే సిద్ధపఱచుకొందురు. నటించిన స్త్రీయే మఱునాడు చినిగిన జరీ అంచును కుట్టుచుండును. 1920లో బాపట్లయందు చంద్రమతి పాత్రధారి రాకపోగా ఆ వేషమును ధరించి రంగస్థలమున ప్రవేశించిన స్థానం నరసింహారావు సత్యభామ, చిత్రాంగి మున్నగు స్త్రీపాత్రలతో చిరకీర్తి నందెను. చీరకట్టునందును అలంకరణమందును ఆయన చూపిన శ్రద్ధను ఆయన గానముతో సమానముగా ఆనాటి ప్రేక్షకులు మెచ్చుకొనిరి.

ఇవి వృత్తికి చెందినవి. అభిమానుల పని దీనికి ప్రక్కన నిశ్శబ్దముగా సాగినది. అట్టముక్కకు బంగారు కాగితము అంటించి చేసిన కిరీటము, తల్లి పెండ్లిచీరతో కట్టిన పంచె, తేలికయైన కఱ్ఱపై అద్దపు ముక్కలు పొదిగిన భుజకీర్తులు, ముఖమునకు పూసిన అర్దళము మన పల్లెలలోని ఔత్సాహిక నాటకములకు ఆధారములు. చలనచిత్రము వచ్చిన పిమ్మట ఈ ఔత్సాహికులకు తెరయే ప్రమాణమైనది. 1956లో 'సొంతవూరు' చిత్రమున ఎన్.టి. రామారావు కృష్ణుడుగా కనబడినపుడు ప్రేక్షకులు ఆదరింపలేదు. 1957నాటి 'మాయాబజారు'నకై ఆహార్యమునందు ప్రత్యేక శ్రద్ధ వహించిరి. ఆ రూపమే తరువాత తెలుగువారి కన్నులలో కృష్ణుడైనది. నటుడొక్కడే, పాత్రయు ఒక్కటియే. ఫలభేదమునకు నటుని అభినయపరిణతితోపాటు ఆహార్యమును కారణమనక తప్పదు. అయినను ఆ కిరీటమును మలచిన చేతులను గూర్చి అడిగినవారు అరుదు.

కావున పరిశోధక విద్యార్థులకు నా విజ్ఞప్తి యొకటి. నాటక సమాజముల చరిత్రను సేకరించునపుడు ప్రదర్శనపు తేదీతోను నటుల పేర్లతోను తృప్తి పొందరాదు. వేషమును కత్తిరించినదెవరు, కుట్టినదెవరు, వెల యిచ్చినదెవరు, అద్దెకు తెచ్చినచో ఎచ్చటినుండి, ఆ వస్త్రము నేడెచ్చట నున్నది అను ప్రశ్నలను గూడ అడుగవలెను. తాటియాకు శతాబ్దములు నిలుచును. చెమటకు తడిసిన జరీవస్త్రము ఒక తరమైనను నిలువదు. వేషములను అద్దె కిచ్చు దుకాణములలో పనిచేసిన వృద్ధుల జ్ఞాపకములును, కుట్టిన స్త్రీల నోటిమాటలును అంతకంటె త్వరగా పోవును.

ఢిల్లీలో 2011న ఆరంభమైన కామిక్ కాన్ ఉత్సవము తరువాత హైదరాబాదునకును వచ్చినది. అచ్చట యువతీయువకులు తాము చేసికొన్న వేషములతో పాల్గొనుచున్నారు. వారు మోరోజో పేరు విని యుండకపోవచ్చును. కాని రాత్రి మేలుకొని అట్టను కత్తిరించునపుడు వారు చేయునది ఆమె పనియే. భరతుడు తన బృందమున చేర్చుకొన్న కిరీటకారుని పనియే. భరతుడు ఆ పనివానిని వృత్తినామముతో పేర్కొనెను. ఆ పనివారిని వ్యక్తినామముతో పేర్కొనుట మన వంతు.