ట్రిమ్ చక్రం ఎవరి చేతిలో ఉంది?

మా క్లాసులో యుద్ధ విమానాల సిమ్యులేటర్ ఆటలు ఆడేవాళ్లం ఐదారుగురం ఉన్నాం. ఆట మొదలయ్యే ముందు సెట్టింగుల్లో ఒక ప్రశ్న ఉంటుంది: ట్రిమ్ మనమే చేసుకోవాలా, కంప్యూటరుకు వదిలేయాలా? చాలామంది రెండో దానికే టిక్కు పెట్టి ముందుకు పోతారు. మా పెద్దనాన్న కొడుకు, నాకు అన్న అవుతాడు, "ఆ చిన్న చక్రం కోసం తల బద్దలు కొట్టుకోవడం ఎందుకురా? ఆట ఉన్నది శత్రువును కొట్టడానికి కదా" అంటాడు. అన్న మాటలో కొంత న్యాయం ఉంది. అయితే ఆ చిన్న చక్రం వెనక వందేళ్లకు పైగా చరిత్ర ఉంది. అది తెలిస్తే ఆ టిక్కుతో మనం ఏం పోగొట్టుకుంటున్నామో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం.

ట్రిమ్ అంటే ఏమిటి?

కావడి మోసేవాళ్లను మీరు చూసే ఉంటారు. రెండు వైపులా బరువు సమానంగా ఉంటే బద్ద భుజం మీద తనంతట తానే నిలుస్తుంది. ఒక వైపు బరువు ఎక్కువైతే, పైకి లేచే వైపును చేత్తో అదిమి పట్టుకోవాలి. నాలుగడుగులైతే ఫరవాలేదు. మైలు దూరం నడవాలంటే చెయ్యి పడిపోతుంది. అలవాటున్నవాళ్లు బద్దను భుజం మీద కాస్త జరుపుకుంటారు. అంతే, చెయ్యి ఖాళీ అవుతుంది.

విమానంలో ట్రిమ్ చేసే పని కూడా అదే. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ బరువు మారుతుంది. వేగం మారితే తోక మీద గాలి ఒత్తిడి మారుతుంది. ఇంజను శక్తి పెంచితే ముక్కు పైకో పక్కకో లాగుతుంది. ట్రిమ్ లేకపోతే పైలట్ స్టిక్‌ను చేత్తో, రడ్డర్ పెడల్‌ను కాలితో అలాగే నొక్కి పట్టుకొని కూర్చోవాలి.

తోక దగ్గర పైకీ కిందికీ కదిలే పలకను ఎలివేటర్ అంటారు. దాని అంచున ఇంకో చిన్న పట్టీ ఉంటుంది. అదే ట్రిమ్ ట్యాబ్. పట్టీ కిందికి వంగితే గాలి దాన్ని నెట్టి ఎలివేటర్‌ను పైకి లేపుతుంది. పట్టీ పైకి వంగితే ఎలివేటర్ కిందికి దిగుతుంది. పైలట్ పక్కనున్న చక్రం తిప్పి పట్టీని సరిచేశాడంటే, ఆ తర్వాత పట్టుకునే పని గాలే చూసుకుంటుంది. కొన్ని విమానాల్లో పట్టీకి బదులు తోకలోని అడ్డ రెక్క మొత్తం కోణం మారుతుంది. ఏ పద్ధతి అయినా ఒక మాట గుర్తుంచుకోవాలి. విమానాన్ని నడిపేది పైలటే. ట్రిమ్ అతని చేతి మీది బరువును దించుతుంది, అంతే.

ఇద్దరు భారతీయులు, రెండు విమానాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో విమానాలు నడిపిన భారతీయులు చాలా కొద్దిమంది. వాళ్లలో ఇద్దరి పేర్లు మనం తెలుసుకోవాలి. ఒకరు రావల్పిండిలో పుట్టిన హర్దిత్ సింగ్ మలిక్. ఇంకొకరు కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్. ఇద్దరూ 1917లోనే చేరారు. కానీ వాళ్లకు దొరికిన విమానాలు వేరు.

మలిక్ 28వ స్క్వాడ్రన్‌లో సాప్‌విత్ కామెల్ నడిపారు. కామెల్ పేరున్న యుద్ధ విమానమే, కానీ లొంగదీసుకోవడం కష్టం. దాని తోక బరువుగా తూగేది. తోక రెక్క కోణాన్ని గాల్లో మార్చే ఏర్పాటు అందులో లేదు. అందువల్ల తక్కువ ఎత్తులో తిన్నగా ఎగరాలంటే పైలట్ స్టిక్‌ను ముందుకు నెట్టి పట్టుకొనే ఉండాలి. పైగా దాని ఇంజను ప్రొపెల్లర్‌తో పాటు తానూ గిర్రున తిరిగే రకం. అందువల్ల మలుపుల్లో ఒక్కో వైపు ఒక్కో రకంగా లాగేది. 1917 అక్టోబర్ 26న మలిక్ కాలికి తూటా తగిలింది. ఆ గాయంతోనే విమానాన్ని తమ సేనల వైపు తెచ్చి, కూలుతూనే కిందికి దించి బతికారు. గాయపడిన కాలు పెడల్ మీద, విశ్రాంతి లేని చెయ్యి స్టిక్ మీద. ఆ ప్రయాణం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఆయన తర్వాత స్వతంత్ర భారతదేశం తరఫున కెనడాలో హై కమిషనర్‌గా, ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేశారు.

రాయ్ నడిపింది ఎస్.ఈ.5ఏ. అందులో పైలట్ కూర్చునే చోటే ఒక చక్రం ఉండేది. దాన్ని తిప్పితే తోక రెక్క కోణం మారేది. అంటే ఆయన విమానాన్ని సరిచేసుకొని, కళ్లనూ చేతులనూ పోరాటానికి ఉంచుకోగలిగేవారు. 1918 జులైలో 40వ స్క్వాడ్రన్‌లో ఉండగా రెండు వారాల లోపే 10 విజయాలు సాధించారు. ఆ యుద్ధంలో భారతీయుల్లో 'ఏస్' అనిపించుకున్నది ఆయన ఒక్కరే. జులై 22న పోరులో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్లు, అంటే నాకంటే నాలుగేళ్లే పెద్ద.

ఆయన విజయాలన్నీ ఆ చక్రం వల్లే వచ్చాయని నేను అనడం లేదు. ధైర్యం, గురి, అదృష్టం అన్నీ కలవాలి. కానీ ఈ ఇద్దరి చేతులు చేసిన పని ఒకటి కాదు. ఆటలో ఆటోమేటిక్ ట్రిమ్ పెట్టి కామెల్‌నూ ఎస్.ఈ.5ఏనూ నడిపితే రెండూ బుద్ధిగా తిన్నగా ఎగురుతాయి. మలిక్ పడిన కష్టం అక్కడ కనపడదు.

1940 నాటి తేడాలు

రెండో ప్రపంచ యుద్ధం నాటికి ట్రిమ్ మామూలైపోయింది. అయినా అందరికీ సమానంగా రాలేదు. బ్రిటన్ స్పిట్‌ఫైర్‌లో ఎలివేటర్‌కు ఒక చక్రం, రడ్డర్‌కు ఒక చక్రం ఉండేవి. జర్మనీ మెసర్‌ష్మిట్ 109లో తోక రెక్కకు చక్రం ఉంది కానీ, రడ్డర్‌ను పైలట్ గాల్లో ట్రిమ్ చేసుకొనే వీలు లేదు. రడ్డర్ అంచున ఉన్న చిన్న రేకును మెకానిక్‌లు నేల మీదే వంచి పంపేవాళ్లు. ఆ వంపు ఒక వేగానికే సరిపోతుంది. వేగం అటూ ఇటూ అయితే పైలట్ కాలితో తొక్కి పట్టాల్సిందే. 1940లో చేతికి చిక్కిన ఒక 109ను ఫార్న్‌బరోలో పరీక్షించిన బ్రిటిష్ నిపుణులు దీన్ని లోపంగానే రాశారు. అమెరికా మస్టాంగ్‌లో అయితే ఎలివేటర్, రడ్డర్, ఐలెరాన్ మూడింటికీ ట్రిమ్ ఉంది. గంటల తరబడి ఎగిరి శత్రుదేశం లోపలి దాకా వెళ్లే విమానానికి అది అవసరం కూడా.

ఈ తేడాలు పుస్తకంలో చదివితే పట్టికలాగా ఉంటాయి. మాన్యువల్ ట్రిమ్‌తో సిమ్యులేటర్‌లో ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి నడిపితే కాలికే తెలుస్తుంది.

ఆటలో జరిగేది

ఇక్కడ అన్న పక్షం కూడా చెప్పాలి. ఇంట్లో ఆడేటప్పుడు మాన్యువల్ ట్రిమ్ ఒక్కోసారి నిజం కంటే కష్టంగా ఉంటుంది. నిజమైన పాత విమానంలో పైలట్ చేతికి గాలి బరువు తెలుస్తుంది. చక్రం తిప్పుతుంటే ఆ బరువు తగ్గుతూ వస్తుంది, పూర్తిగా పోగానే ఆపేస్తాడు. మన జాయ్‌స్టిక్‌లో ఉన్నది స్ప్రింగు. ఎప్పుడు వదిలినా నడిమధ్యకే వస్తుంది, బరువు సంగతి చెప్పదు. కాబట్టి ట్రిమ్ తిప్పుతూ స్టిక్‌ను కొంచెం కొంచెంగా వదులుతూ, తెర మీద ముక్కు ఎటు పోతోందో కళ్లతో చూసుకోవాలి. కీబోర్డు, మౌస్‌తో ఆడేవాళ్లకు ఇంకా కష్టం. అందుకే వార్ థండర్ లాంటి ఆటల్లో మౌస్‌తో దిక్కు చూపిస్తే మిగతా సర్దుబాటంతా కంప్యూటరే చేస్తుంది. చిన్నపిల్లలు, చేతికి ఇబ్బంది ఉన్నవాళ్లు ఆడగలుగుతున్నారంటే అలాంటి సాయం వల్లే. దాన్ని తక్కువ చేయకూడదు.

అలాగని గెలుపు ఎప్పుడూ ఆటోమేటిక్‌దే కాదు. 109 వేగంగా కిందికి దూకేటప్పుడు దాని ఎలివేటర్ చాలా బరువెక్కుతుంది. అప్పుడు స్టిక్ లాగినా చాలదు, ట్రిమ్ చక్రం కూడా కొంచెం తిప్పితే ముక్కు లేస్తుంది. ఆ సంగతి తెలిసినవాడికి చక్రం ఒక ఆయుధం. అదే చక్రం ఎక్కువ తిప్పితే రెక్కలకే ముప్పు.

ఆటోమేటిక్ కూడా చరిత్రే

మాన్యువల్ అంటే నిజం, ఆటోమేటిక్ అంటే అబద్ధం అనుకుంటే అదీ తప్పే. 1974లో మొదటిసారి ఎగిరిన అమెరికా ఎఫ్-16లో పైలట్ చేతికీ తోకకూ మధ్య కంప్యూటర్ ఉంది. ముక్కు పైకీ కిందికీ పోయే ట్రిమ్ అదే చూసుకుంటుంది. కానీ ఒక రెక్క కింది బాంబు వదిలాక విమానం పక్కకు ఒరిగితే పైలట్ సరిచేసుకోవాలి.

మా బెంగళూరులో 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరిన తేజస్ కూడా కంప్యూటర్ నడిపించే విమానమే. చురుగ్గా తిరగడం కోసం దాన్ని కావాలనే నిలకడ తక్కువగా తయారుచేశారు. కంప్యూటర్ క్షణక్షణం సరిచేయకపోతే మనిషి చేత్తో దాన్ని నిలబెట్టలేడు. అందువల్ల తేజస్‌కు ఆటోమేటిక్ పెట్టడమే నిజమైన చరిత్ర. కామెల్‌కు పెడితే కాదు.

ప్రాణాల మీదికి వచ్చినప్పుడు

ఇదంతా ఆటే కదా అనిపించవచ్చు. కాదు. 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ విమానం కూలి 189 మంది చనిపోయారు. 2019 మార్చి 10న ఇథియోపియాలో ఇంకో విమానం కూలి 157 మంది చనిపోయారు. రెండూ బోయింగ్ 737 మ్యాక్స్ రకం. అందులో ఎంక్యాస్ అనే ఆటోమేటిక్ ట్రిమ్ ఏర్పాటు ఉంది. ఒక్క సెన్సర్ తప్పు లెక్క చెబితే చాలు, అది ముక్కును పదేపదే కిందికి తోసింది. లయన్ ఎయిర్ విమానం కూలే వరకు అలాంటి ఏర్పాటు ఉందనే పైలట్లకు చెప్పలేదు. ఇథియోపియా పైలట్లు దాని కరెంటు ఆపేసి, ట్రిమ్ చక్రాన్ని చేత్తో తిప్పాలని చూశారు. అంత వేగంలో గాలి ఒత్తిడికి చక్రం కదల్లేదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది తర్వాత తెలిసిన సంగతి. ఆ విమానం సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ కొన్ని పరిస్థితులను ఉన్నదున్నట్టు చూపలేదని, దాన్ని సరిచేశామని 2019 మేలో బోయింగ్ చెప్పింది. చేత్తో చక్రం తిప్పడం ఎంత కష్టమో చూపకపోవడం అందులో ఒకటి. అంటే పెద్దవాళ్ల సిమ్యులేటర్ కూడా చేతి మీది బరువును తగ్గించి చూపింది. 2020లో మ్యాక్స్ మళ్లీ ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరి చేశారు.

నా అభిప్రాయం

చరిత్ర పాఠంలో మనం తేదీలు, గెలిచినవాళ్ల పేర్లు రాస్తాం. ఎవరి చెయ్యి ఎంత నొప్పి పుట్టిందో రాయం. సిమ్యులేటర్ ఆ లోటు కొంత తీర్చగలదు, మనం తీర్చనిస్తే. అందుకే నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఏ విమానంలో ట్రిమ్ ఎలా ఉండేదో ఆటలోనూ అలాగే పెట్టుకోవాలి. చక్రం ఉన్నదానికి చక్రం, లేనిదానికి చెయ్యీ కాలూ, కంప్యూటర్ ఉన్నదానికి కంప్యూటర్. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట ఆటోమేటిక్‌తో ఆడినా తప్పులేదు. కానీ ఒక్కసారైనా దాన్ని తీసేసి కామెల్‌ను పది నిమిషాలు తిన్నగా నడిపి చూడండి. అన్న కూడా ఈ సెలవుల్లో ప్రయత్నిస్తానన్నాడు. ఆ పది నిమిషాలయ్యాక మలిక్ గురించి ఒక పేజీ చదవండి.