గోడ వెలుపలి నగరం: యాత్రా బృందాల దారిలో నాంపల్లి, ఆబిడ్స్

వ్యాస సంగ్రహం

హైదరాబాదు చరిత్రను చార్మినారు కేంద్రంగా, ప్రాకారం లోపలి నుంచి రాయడం పరిపాటి. మూసీకి ఉత్తరాన గోడ వెలుపల పెరిగిన నాంపల్లి, ఆబిడ్స్, రెసిడెన్సీ బజార్లు ఆ కథనంలో శివార్లుగానే మిగిలాయి. సముద్రతీరం నుంచి ఈ నగరానికి బృందాలుగా వచ్చిన వర్తకుల, యాత్రికుల దారిని అనుసరిస్తే వేరొక చిత్రం కనిపిస్తుంది. నగరంలోని క్రయవిక్రయాలు, రాకపోకలు, కొత్త సంస్థలు మొదటి నుంచీ ఉత్తరపు ఒడ్డునే ఆశ్రయించాయనీ, నిజాం రాజ్యంలో తెలుగు భాషోద్యమానికి నిలువనీడ దొరికింది కూడా అక్కడేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ప్రాకార నగరం, మూసీ, కాశీయాత్ర చరిత్ర, రెసిడెన్సీ బజారు, నాంపల్లి, ఆబిడ్స్, గ్రంథాలయోద్యమం.

1. ఉపోద్ఘాతం

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. వెంట కుటుంబసభ్యులు, పరిచారకులు, బోయీలు కలిసి సుమారు నూరుమంది ఉన్నారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా ఈ బృందం హైదరాబాదు చేరింది. ఉత్తరదేశమంతా తిరిగి, కలకత్తా నుంచి తూర్పుతీరం వెంట దిగి, 1831 సెప్టెంబరు 3న మద్రాసులో యాత్ర ముగించింది. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు ఆయన పంపిన రాతలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. 1941లో దిగవల్లి వేంకటశివరావు ఆ గ్రంథాన్ని పరిష్కరించి మళ్లీ వెలువరించిన తరువాత చరిత్రకారుల దృష్టి దానిపై మరింతగా పడింది.

ఈ యాత్ర మొదలైన పట్టణమూ, దాని ప్రధాన మజిలీలలో ఒకటైన హైదరాబాదూ రెండూ ప్రాకార నగరాలే. అయితే ఆ రెండు గోడల స్వభావం ఒకటి కాదు. 1758-59లో ఫ్రెంచి సేనాని లాలీ ముట్టడి, ఆ తరువాత హైదరలీ దండయాత్ర మద్రాసును వణికించాయి. అప్పుడు కోట వెలుపల ఉన్న నల్లపట్టణం చుట్టూ కుంపిణీ ప్రభుత్వం గోడ కట్టించింది. తెలుగు, తమిళ వర్తకులు నివసించిన పట్టణమది. గోడ ఖర్చును పట్టణవాసుల నుంచి పన్నుగా రాబట్టాలన్న ఆలోచనకు గుర్తుగా అక్కడి ఒక వీధికి 'వాల్‌టాక్స్ రోడ్డు' అనే పేరు నేటికీ నిలిచి ఉంది. మద్రాసు గోడ వర్తకులను లోపల ఉంచుకొని కాపాడింది. హైదరాబాదు గోడ మాత్రం ప్రధానంగా ప్రభువర్గాన్ని కాపాడింది. పెద్ద వర్తకపు పేటలు అనేకం దాని వెలుపలే మిగిలాయి. ఈ భేదం నుంచే నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతాల చరిత్రను అర్థం చేసుకోవలసి ఉంటుంది.

2. గోడకు పూర్వం: వంతెనకు అవతలి పేట

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో నిర్మించిన హైదరాబాదుకు ప్రాకారం లేదు. రక్షణ భారం గోలకొండ కోటది. కొత్త నగరం తోటలతో, బజార్లతో విశాలంగా పరచుకున్న ఊరు. రెండింటినీ కలిపినది 1578లో మూసీపై కట్టిన వంతెన. నేడు దానిని పురానాపూల్ అంటున్నాం.

17వ శతాబ్దంలో ఈ నగరానికి సముద్రద్వారం మచిలీపట్నం. వజ్రాలు, కలంకారీ అద్దకపు బట్టలు ఆ రేవు నుంచి పరదేశాలకు వెళ్లేవి. దారి భయం వల్ల ఎద్దులబండ్లు, పెరికెద్దులతో వర్తకులు గుంపులుగానే ప్రయాణించేవారు. ఫ్రెంచి వజ్రవర్తకుడు తావెర్నియే తన యాత్రాగ్రంథంలో ఈ నగరాన్ని వర్ణిస్తూ, వంతెనకు ఇవతల పెద్ద శివారుపేట ఉన్నదనీ, వర్తకులు, దళారులు, చేతివృత్తులవారు అక్కడే నివసిస్తారనీ రాశాడు. నగరంలో ఉండేది రాజోద్యోగులు, ప్రభువులు, సైనికులు. వర్తకులు పగటిపూట వంతెన దాటి లోపలికి వెళ్లి బేరాలు ముగించుకొని, సాయంకాలానికి తమ పేటకు తిరిగివచ్చేవారు. ప్రవేశం కూడా సులభం కాదు. ఉప్పు, పొగాకు ప్రభుత్వానికి ముఖ్య ఆదాయ వనరులు కావడంతో, వచ్చినవారి సామానును తనిఖీ చేసి, అధికారి అనుమతి వచ్చాకే లోపలికి వదిలేవారు.

ఈ వర్ణనలో గమనించదగిన విషయం ఒకటుంది. రాతిగోడ లేచేందుకు చాలాముందే సామాజికమైన గోడ ఉన్నది. నగరం పాలించేవారిది, మూసీ ఉత్తరపు ఒడ్డు అమ్మేవారిది, కొనేవారిది, దారిన వచ్చేవారిది.

3. ప్రాకారం: దర్వాజాలు, ఖిడ్కీలు

1687లో గోలకొండ మొగలుల వశమైంది. కోట రాజధానిగా ప్రాధాన్యం కోల్పోయాక తెరపి నగరానికి రక్షణ కరవైంది. మరాఠా దండ్ల భయం పెరిగిన కాలంలో మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ గోడ నిర్మాణం ప్రారంభించాడు. 1724లో శక్కర్‌ఖేడా యుద్ధంలో అతడు నిజాం ఉల్ ముల్క్ చేతిలో ఓడి మరణించాడు. ప్రత్యర్థి మొదలుపెట్టిన గోడను గెలిచినవాడే పూర్తి చేయించాడు. సుమారు 6 మైళ్ల చుట్టుకొలతతో, బురుజులతో లేచిన ఈ రాతిగోడకు 13 దర్వాజాలు, మనుషులు నడిచిపోయేందుకు ఖిడ్కీలనే చిన్న ద్వారాలు ఉండేవి. ఉత్తరాన గోడ మూసీ ఒడ్డు వెంబడే సాగింది. నది దానికి సహజమైన అగడ్త.

పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు తప్ప మిగిలినవి నేడు లేవు. కానీ లాల్ దర్వాజా, యాకుత్‌పురా, ఆలియాబాద్ మొదలైన పేర్లలో ద్వారాలు ఇంకా పలుకుతూనే ఉన్నాయి.

4. ఉత్తరపు ఒడ్డున కొత్త అధికారం

గోడ లోపల చోటు పరిమితం. రాత్రి దర్వాజాలు మూతపడేవి. అందువల్ల ఆలస్యంగా వచ్చిన బిడారానికీ, గోదాములు కావలసిన సాహుకారుకూ, ఆయుధాలున్న పరాయి సేనకూ వెలుపలి ఒడ్డే అనువైనది. బేగంబజారు ఆ విధంగానే పెద్ద వర్తక కేంద్రమైంది. నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాన్ 18వ శతాబ్దం చివర ఫిరంగులు పోత పోయించిన చోటే నేటి గన్‌ఫౌండ్రీ. నాంపల్లి పేరు కుతుబ్ షాహీల సేనాని నేక్‌నామ్ ఖాన్ బిరుదులోని 'నామ్'కు తెలుగు 'పల్లి' చేరి ఏర్పడిందని లోకంలో ఒక వాడుక. ఆ వ్యుత్పత్తి ఎలా ఉన్నా, పారసీక పదం తెలుగు ప్రత్యయంతో ఇంత సహజంగా కలిసిపోవచ్చునని జనం భావించడం ఈ ఒడ్డు స్వభావానికి తగినదే.

1798 సెప్టెంబరులో జరిగిన సైన్యసహకార ఒప్పందంతో ఫ్రెంచివారి స్థానంలో ఇంగ్లీషువారు స్థిరపడ్డారు. రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో నిర్మాణం ఆరంభించిన రెసిడెన్సీ భవనం కూడా నదికి ఉత్తరానే లేచింది. దాని చుట్టూ ఏర్పడిన బజార్లపై రెసిడెంటుకు ప్రత్యేక అధికారం ఉండేది. 1830లో వీరాస్వామయ్య బృందం చూసిన హైదరాబాదు ఇది: ఒక ఒడ్డున నిజాం నగరం, మరొక ఒడ్డున బేగంబజారు, రెసిడెన్సీ, వాటికి ఉత్తరాన హుసేన్‌సాగరం, సికింద్రాబాదు దండు. ఆయన గ్రంథం చార్మినారున్న షహరుతోపాటు వీటన్నింటినీ పరిగణనలోకి తీసుకున్నది. ఆయన వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది, 1831లో, రెసిడెన్సీ సమీపాన చాదర్‌ఘాట్ వంతెన పూర్తయింది. నగరపు బరువు క్రమంగా పురానాపూల్ నుంచి తూర్పుకు జరగసాగింది.

1857 జులై 17న ఆ దారి దిశ మారింది. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో రోహిల్లాలు, ఇతరులు నగరం నుంచి బయలుదేరి రెసిడెన్సీపై దాడి చేశారు. పడమటి గోడకు ఎదురుగా ఉన్న సాహుకార్ల ఇళ్లను ఆక్రమించి అక్కడి నుంచి కాల్పులు జరిపారు. దాడి విఫలమైంది. మౌల్వీ అండమాన్‌కు ప్రవాసం పోయాడు. తుర్రేబాజ్ ఖాన్ 1859లో హతుడయ్యాడు. ఆ తరువాత రెసిడెన్సీ తన గోడను మరింత పటిష్ఠం చేసుకున్నది. వెలుపలి ఒడ్డు సైతం తనదైన ప్రాకారాన్ని సృష్టించుకున్న సందర్భమిది. కనుక ఈ ఒడ్డును కేవలం స్వేచ్ఛాసీమగా చిత్రించడం సరికాదు. అక్కడ ఉన్నది మరొక అధికారం, మరొక కాపలా.

5. దర్వాజా నుంచి స్టేషనుకు

1874లో వాడి-సికింద్రాబాదు రైలుమార్గం ప్రారంభమైంది. 1889 నాటికి మార్గం బెజవాడ దాకా సాగింది. పూర్వం మచిలీపట్నం బిడారాలు రోజుల తరబడి నడిచిన దూరం గంటలకు కుదించుకుపోయింది. 1907లో నాంపల్లి స్టేషను ఏర్పడడంతో నగరప్రవేశం అన్న మాటకే అర్థం మారింది. ప్రయాణికుల గుంపు ఇప్పుడు దర్వాజా ముందు అనుమతికోసం నిలబడదు. ప్లాట్‌ఫారం మీద దిగుతుంది. స్టేషనుకు చేరువలో ఏడవ నిజాం కాలంలో వెలసిన సరాయి ఆ మార్పుకు సాక్ష్యం. బాటసారుల విడిది నగరద్వారాన్ని వదిలి రైలుద్వారానికి చేరింది.

ఇదే కాలంలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆంతరంగిక సేవకుడుగా ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ పెద్ద దుకాణం తెరిచాడు. ఆయన ఆర్మేనియన్ మూలాలున్నవాడు. ఆయన దుకాణం పోయినా పేరు కూడలికి, చుట్టుపక్కల ప్రాంతానికి నిలిచిపోయింది. ప్రాకారం లోపలి పేటలు అనేకం నవాబుల, అమీరుల పేర్లు మోస్తుండగా, వెలుపలి ప్రధాన కూడలి ఒక వలస వ్యాపారి పేరుతో పిలవబడడం యాదృచ్ఛికం కాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నదీతీరపు గోడను, వంతెనలను, ఇళ్లను ఊడ్చుకుపోయింది. వేలమంది మరణించారు. శత్రువును ఆపేందుకు కట్టిన గోడ నీటిని ఆపలేకపోయింది. ఆ తరువాత విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడ్డాయి. 1911లో సింహాసనమెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ చౌమహల్లాలో కాక ఆబిడ్స్‌కు చేరువలోని కింగ్‌కోఠీలో నివసించాడు. చివరకు పాలకుడే గోడ వెలుపలికి వచ్చాడు.

6. తెలుగుకు దొరికిన ఒడ్డు

1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం రెసిడెన్సీ బజారు ప్రాంతంలో స్థాపితమైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు దాని వెనుక ఉన్న ప్రముఖులు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు గ్రంథాలయం ఈ చోటును ఆశ్రయించడానికి రెసిడెన్సీ పరిధి ఇచ్చిన వెసులుబాటు ఒక ముఖ్య కారణం. నిజాం ప్రాంతంలో సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తర్వులను తలచుకుంటే ఆ వెసులుబాటు విలువ తెలుస్తుంది. 1933లో ఈ బజార్లు నిజాం ప్రభుత్వానికి తిరిగి దక్కి, సుల్తాన్‌బజారుగా పేరు మారేనాటికి గ్రంథాలయోద్యమం వేళ్లూనుకున్నది.

1921 నవంబరులో వివేకవర్ధని థియేటరులో జరిగిన సంస్కరణ సభలో అల్లంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఈ థియేటరు కూడా ఉత్తరపు ఒడ్డుదే. అంటే తెలుగుకు నీడనిచ్చిన ఒడ్డే తెలుగును అవమానించిన ఒడ్డు కూడా. రకరకాల భాషలవారు ఎదురుపడే చోట ఆ రెండూ సంభవమే; ఎదురుపడని చోట అవమానమూ లేదు, ఉద్యమమూ లేదు. 1918లో వెలసిన రెడ్డి హాస్టలు, 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు ఆబిడ్స్ పరిసరాలలో, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లిలో ఇదే దారిని కొనసాగించాయి.

గోడ లోపల తెలుగువారు లేరని దీని భావం కాదు. గౌలిపురా, లాల్ దర్వాజా పేటల బోనాలు వారి ఉనికిని ఏటా చాటుతూనే ఉన్నాయి. అయితే అక్కడి తెలుగు ఇంటిలో, గుడిలో, వీధిలో బతికిన భాష. సంస్థగా, సభగా, పత్రికగా మారేందుకు దానికి వంతెన దాటవలసి వచ్చింది.

7. ముగింపు

ప్రాకార నగరాలను సందర్శించే బృందాలు నేడు గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి తిరిగిపోతాయి. హైదరాబాదులో ఆ గోడ దాదాపుగా లేదు. మిగిలిన రెండు దర్వాజాల సంరక్షణ అత్యవసరం. కానీ గోడ చరిత్రలో సగం మాత్రమే రాళ్లలో ఉంది. తక్కిన సగం దాని వెలుపల ఆగిన మనుషులది: తనిఖీకోసం నిలిచిన వర్తకుడు, నూరుమందితో వచ్చిన కాశీయాత్రికుడు, నాంపల్లిలో రైలు దిగి హాస్టలు వెతుక్కున్న పల్లె విద్యార్థి. నాంపల్లి సరాయి, గ్రంథాలయాలు, హాస్టళ్లు, బజార్లను దర్వాజాలతో సమానమైన చారిత్రక ఆధారాలుగా పరిగణించినప్పుడే హైదరాబాదు నగర చరిత్ర సమగ్రమవుతుంది. ఆ దిశలో 'కాశీయాత్ర చరిత్ర' వంటి యాత్రాగ్రంథాలను నగర చరిత్ర ఆకరాలుగా మరింత లోతుగా పరిశోధించవలసిన అవసరం ఉంది.