సిసిఫస్‌కి లేని తోడు: అబ్సర్డ్ నాటకం ఎక్కణ్ణుంచి వచ్చింది?

'వెయిటింగ్ ఫర్ గోడో' దేని గురించి అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: జీవితానికి అర్థం లేదని చెప్పే నాటకం. ఇంకాస్త చదువుకున్నవాళ్ళయితే ఒక వరస చెప్తారు. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది, దేవుడి మీదా మనిషి మీదా నమ్మకం పోయింది, సార్త్ర్, కామూ అస్తిత్వవాదం రాశారు, బెకెట్, అయొనెస్కో దాన్ని రంగస్థలం మీదకి తెచ్చారు. పరీక్షలో ఇది రాస్తే మార్కులు పడతాయి. కానీ ఈ లెక్క ప్రకారం ఆ నాటకాలు ముందుగా అర్థం కావాల్సింది తత్వశాస్త్రం తెలిసినవాళ్ళకి. జరిగింది వేరు.

1956 జనవరిలో అమెరికాలోని మయామిలో గోడోని మొదటిసారి వేశారు. రెండు ఖండాలని కడుపుబ్బ నవ్వించిన నాటకం అన్న ధోరణిలో ప్రకటనలిచ్చారు. డబ్బున్నవాళ్ళు, లోకం చూసినవాళ్ళు వచ్చారు. చాలామంది విరామంలోనే లేచి వెళ్ళిపోయారు. మరుసటేడు, 1957 నవంబర్ 19న, శాన్‌ఫ్రాన్సిస్కో యాక్టర్స్ వర్క్‌షాప్ వాళ్ళు అదే నాటకాన్ని కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో 1400 మంది ఖైదీల ముందు వేశారు. 1913లో సారా బెర్న్‌హార్ట్ వచ్చి ఆడిన తర్వాత ఆ జైల్లో నాటకమన్నదే లేదు. దీన్ని ఎంచుకోడానికి ఒక కారణం ఇందులో ఆడపాత్రలు లేకపోవడం. దర్శకుడు హెర్బర్ట్ బ్లౌకి, నటులకి గుండెల్లో గుబులుగానే ఉంది. తీరా తెర లేచాక ఖైదీలు కదల్లేదు. రిక్ క్లచీ అనే ఖైదీని ఆరోజు హాల్లోకి రానివ్వలేదు, తన గదిలో కూచుని లౌడ్‌స్పీకర్లో విన్నాడు. తర్వాత అతనే జైల్లో ఒక నాటక సంఘం పెట్టి, విడుదలయ్యాక బెకెట్‌తోనే కలిసి పనిచేశాడు.

రేపు వస్తానని కబురు పంపే గోడో ఎవరో ఆ 1400 మందికి ఎవరూ వివరించక్కర్లేకపోయింది. ఎదురుచూడ్డం అంటే ఏమిటో వాళ్ళకి తెలుసు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1953లో, జర్మనీలోని లుట్రింగ్‌హౌసెన్ జైల్లో ఒక ఖైదీ ఈ నాటకాన్ని ఫ్రెంచి నుంచి సొంతంగా జర్మన్‌లోకి అనువదించుకుని, తోటి ఖైదీలతో ఆడించాడు కూడా.

శాన్ క్వెంటిన్ కథతోనే మార్టిన్ ఎస్లిన్ తన 'ది థియేటర్ ఆఫ్ ది అబ్సర్డ్' పుస్తకం మొదలుపెట్టాడు. 1961లో వచ్చిన ఆ పుస్తకమే ఈ నాటకాలకి పేరు ఖాయం చేసింది. ఎస్లిన్ బుడాపెస్ట్‌లో పుట్టి, వియన్నాలో పెరిగి, 1938లో నాజీలు ఆస్ట్రియాని ఆక్రమించుకున్నప్పుడు పారిపోయి, చివరికి బీబీసీలో చేరిన మనిషి. బెకెట్, అయొనెస్కో, ఆర్థర్ ఆదమోవ్, జాఁ జెనే: ఈ నలుగురినీ ఒక గూట్లో పెట్టింది ఆయనే. వాళ్ళు ఒక గుంపుగా కూడి ప్రణాళిక రాసుకున్నవాళ్ళు కాదు. బెకెట్ అయితే ఈ ముద్రని అసలు ఒప్పుకోలేదు. అసంబద్ధం అన్నామంటే అప్పటికే ఒక తీర్పు ఇచ్చేసినట్టే కదా అన్నది ఆయన అభ్యంతరం.

'అబ్సర్డ్' అన్న మాట ఎస్లిన్‌కి దొరికింది కామూ దగ్గర. 'సిసిఫస్ పురాణం' 1942లో, పారిస్ జర్మన్ల చేతిలో ఉండగా అచ్చయింది. కామూ చెప్పే అసంబద్ధత లోకంలో ఉన్న లక్షణం కాదు, మనిషిలో ఉన్న జబ్బూ కాదు. మనిషి అర్థం కావాలని అడుగుతాడు, లోకం బదులు పలకదు. ఆ రెండింటి మధ్యా ఉన్న సంబంధం పేరు అసంబద్ధత. అడిగేవాడు లేకపోతే అదీ లేదు. 'ఏదీ అర్థం లేనిదే, కాబట్టి వదిలెయ్' అనడం కామూ లెక్కలో మోసం. బండ కిందికి దొర్లిపోతుందని తెలిసీ మళ్ళీ దిగి వెళ్ళే సిసిఫస్ ఓడిపోలేదన్నదే ఆయన వాదన.

ఈ పుస్తకం గురించి ఇంకో సంగతి ఉంది. కామూ ఇందులో కాఫ్కా మీద ఒక అధ్యాయం రాశాడు. కాఫ్కా యూదుడు కాబట్టి ఆక్రమణ కాలపు సెన్సార్ ఒప్పుకోదు. ఆ అధ్యాయం తీసేసి పుస్తకం వేశారు. తర్వాతి ముద్రణల్లో అది అనుబంధంగా చేరింది. అసంబద్ధత గురించిన పుస్తకంలోంచి, కారణం తెలియకుండానే విచారణకి గురయ్యే మనిషి కథ రాసిన రచయితని అతని పుట్టుక కారణంగా తొలగించడం! తత్వశాస్త్రం గాల్లోంచి ఊడిపడలేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే కామూ, సార్త్ర్ నాటకాలు కూడా రాశారుగా, మరి అవెందుకు అబ్సర్డ్ నాటకాలు కావు? సార్త్ర్ 'నో ఎగ్జిట్' 1944లో, కామూ 'కలిగులా' 1945లో పారిస్‌లో ఆడాయి. ఎస్లిన్ ఇచ్చిన జవాబు ఇప్పటికీ నిలబడుతుందనుకుంటాను. వాళ్ళ నాటకాల్లో పాత్రలు లోకంలో తర్కం లేదని చక్కటి తర్కంతో వాదిస్తాయి. మొదలు, నడక, ముగింపు అన్నీ పద్ధతిగా ఉంటాయి. భాష మీద పూర్తి నమ్మకంతో భాషకి అందని దాని గురించి మాట్లాడతాయి. బెకెట్, అయొనెస్కో ఆ వాదన మానేశారు. తర్కం పోయిందని చెప్పకుండా, తర్కం లేని చోట మనల్ని కూచోబెట్టారు.

ఆ పద్ధతి వాళ్ళకి తత్వవేత్తల దగ్గర దొరకలేదు. సర్కస్ విదూషకుల దగ్గర, చాప్లిన్, బస్టర్ కీటన్ మూకీ సినిమాల్లో, టోపీలు మార్చుకునే మ్యూజిక్ హాల్ హాస్యంలో దొరికింది. ఇంకా వెనక్కి వెళ్తే ఆల్ఫ్రెడ్ జారీ ఉన్నాడు. 1896 డిసెంబర్ 10న పారిస్‌లో ఆయన 'రాజా ఊబు' ఒక బూతుమాటతో మొదలైంది. ఆ మాటకి జారీ ఒక అక్షరం కలిపి కొత్తగా చేశాడు, అయినా హాలంతా గోల. ప్రేక్షకుల్లో ఉన్న కవి యేట్స్, ఇకమీదట వచ్చే కాలం గురించి దిగులుపడుతూ ఇంటికెళ్ళాడు. ఊబు తిండిపోతు, పిరికివాడు, హంతకుడు, రాజు. ఆ పాత్ర పుట్టింది స్కూలు పిల్లలు తమ ఫిజిక్స్ మాస్టారిని వెక్కిరించడానికి అల్లుకున్న కథల్లోంచి.

ఇక అయొనెస్కో. తండ్రి రుమేనియన్, తల్లి ఫ్రెంచి. 1948లో ఆయన ఇంగ్లిష్ నేర్చుకుందామని అసిమిల్ వాళ్ళ పుస్తకం తెచ్చుకున్నాడు. అందులో వాక్యాలు శ్రద్ధగా కాపీ చేసుకుంటూ పోతే ఆయనకి ఇంగ్లిష్ రాలేదు గానీ మహా సత్యాలు తెలిశాయి: వారానికి ఏడు రోజులు, నేల కింద ఉంటుంది, పైకప్పు పైన ఉంటుంది. మిసెస్ స్మిత్ తన మొగుడికి తమ ఇంటిపేరు స్మిత్ అని చెప్తుంది. అదే 'ది బాల్డ్ సొప్రానో' అయింది. 1950 మే 11న చిన్న హాల్లో వేస్తే పెద్దగా ఎవరూ రాలేదు. రిహార్సల్లో ఒక నటుడు 'బంగారు జుట్టు పంతులమ్మ' అనబోయి 'బట్టతల గాయని' అనేస్తే అదే పేరు పెట్టేశారు. గడియారం పదిహేడు గంటలు కొడుతుంది. ఒక జంట తాము ఒకే ఊరివాళ్ళమని, ఒకే రైల్లో వచ్చామని, ఒకే ఇంట్లో ఉంటున్నామని ఆరా తీసి, చివరికి తాము భార్యాభర్తలమని తేల్చుకుంటారు. వెంటనే పనిమనిషి వచ్చి అదీ తప్పంటుంది. నాటకం అయిపోయిందనుకునేసరికి మళ్ళీ మొదటికొస్తుంది, మనుషులు మాత్రం వేరు. గానుగెద్దు మారింది గానీ గానుగ అదే. 1957 నుంచి పారిస్‌లోని చిన్న హుషెత్ థియేటర్లో దశాబ్దాల తరబడి ఇది ఆడుతూ వచ్చింది.

ఇది ఉత్త భాషతో ఆటేనా? 1958లో లండన్ విమర్శకుడు కెనెత్ టైనన్ అలాంటి అనుమానమే లేవదీశాడు. మనుషుల మధ్య మాటే సాధ్యం కాదంటే ఇక సమాజం గురించి మాట్లాడేదేముందని. అయొనెస్కో ఒప్పుకోలేదు, పత్రికలో పెద్ద వాదనే జరిగింది. మరుసటేడు 'రైనోసెరాస్' వచ్చింది. ఊళ్ళో ఒక ఖడ్గమృగం కనిపిస్తుంది. తర్వాత ఇంకోటి. తర్వాత ఆఫీసులో సహోద్యోగులు, స్నేహితుడు, చివరికి ప్రేమించిన అమ్మాయి. ఒక్కొక్కళ్ళూ తమకి తాము ఏదో కారణం చెప్పుకుని మృగాల్లో కలిసిపోతారు. 1930లలో రుమేనియాలో తన స్నేహితులు ఐరన్ గార్డ్ ఫాసిస్టులుగా మారడం అయొనెస్కో కళ్ళారా చూశాడు. ఖాళీ మాటలు మాట్లాడే అలవాటుకీ, గుంపుతో పాటు పరిగెత్తడానికీ ఎంత దూరమో ఆయనకి తెలుసు. స్మిత్ దంపతుల అరిగిపోయిన వాక్యాలు చూసి నవ్వుతాం. ఆ వాక్యాలే నినాదాలైతే ఏమవుతుందో 'రైనోసెరాస్' చూపిస్తుంది.

బెకెట్ దగ్గరకొస్తే ఆ చరిత్ర ఇంకా లోతున ఉంటుంది. ఐర్లండ్ తటస్థ దేశం. అక్కడి పౌరుడిగా ఆయన యుద్ధంలో చేతులు కట్టుకుని కూచోవచ్చు. కానీ పారిస్‌లో రహస్య ప్రతిఘటన దళంలో చేరాడు. 1942 ఆగస్టులో దళం ద్రోహానికి గురైంది. స్నేహితుడు ఆల్ఫ్రెడ్ పెరోన్ అరెస్టయి మౌత్‌హౌసెన్ శిబిరానికి వెళ్ళాడు, 1945లో విడుదలయ్యాక ఇల్లు చేరకుండానే చనిపోయాడు. బెకెట్, సుజాన్ తప్పించుకుని దక్షిణాన రుసియోన్ అనే పల్లెకి చేరారు. అక్కడ రైతుల దగ్గర పనిచేస్తూ యుద్ధం అయిపోవడం కోసం రెండేళ్ళకి పైగా ఎదురుచూశారు.

తర్వాత 1948 అక్టోబర్ నుంచి 1949 జనవరి దాకా, నాలుగు నెలల్లోపే, గోడో రాశాడు. నాటకం ఫ్రెంచి పాఠంలో రుసియోన్ పేరు వస్తుంది. రాతప్రతిలో ఎస్ట్రాగన్ పేరు మొదట లెవీ, అంటే యూదుల పేరు. తర్వాత ఆ ఆనవాలు తీసేశాడు. మిగిలింది ఒక రోడ్డు, ఒక చెట్టు, రాత్రుళ్ళు ఎవరో కొడుతుంటే గుంటలో పడుకునే మనిషి, వస్తానన్నవాడి కోసం చూపు. ఎవరు కొడుతున్నారో నాటకం చెప్పదు. 1953 జనవరి 5న బాబిలోన్ థియేటర్లో చూసిన పారిస్ ప్రేక్షకుల్లో అది అడగాల్సిన అవసరం ఎంతమందికి ఉండి ఉంటుంది? ఊరు, పేరు, తేదీ తీసేయడం వల్లే ఆ నాటకం శాన్ క్వెంటిన్‌కి వెళ్ళగలిగింది. 1993లో ముట్టడిలో ఉన్న సరయేవోకి వెళ్ళగలిగింది. అక్కడ కరెంటు లేక సూసన్ సోంటాగ్ కొవ్వొత్తుల వెలుగులో దాన్ని ఆడించింది.

ఇనుప తెరకి అవతల ఈ నాటకాలని ఇంకోలా చదువుకున్నారు. ప్రాగ్‌లో బలుస్ట్రేడ్ థియేటర్ 1964లో జారీ 'రాజా ఊబు'ని వేసింది. మరుసటేడు అక్కడే వాత్స్లావ్ హావెల్ 'ది మెమోరాండమ్' వచ్చింది. ఒక ఆఫీసు డైరెక్టర్‌కి ప్తీదెపె అనే కొత్త అధికార భాషలో సర్క్యులర్ వస్తుంది. దాన్ని అనువదించాలంటే అనుమతి కావాలి, ఆ అనుమతి ఆ సర్క్యులర్లో ఏముందో తెలిస్తే గానీ రాదు. పొరపాట్లు రాకూడదని ఆ భాషలో ఏ మాటకైనా అంతే పొడవున్న ఇంకో మాటతో కనీసం 60 శాతం అక్షరాలు తేడా ఉండాలి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వింటే నవ్వొస్తుంది, ఎందుకంటే ఇది నిజంగా పనిచేసే సూత్రం. సందేశాల్లో తప్పులు పట్టి సరిదిద్దే సంకేతాల గురించి రిచర్డ్ హామింగ్ 1950లో రాసిన పరిశోధన వ్యాసం నిలబడింది ఇలాంటి దూరం మీదే. హావెల్‌కి 'ప్తీదెపె' అన్న పేరు ఇచ్చిన తమ్ముడు ఇవాన్ సైబర్నెటిక్స్ చదివినవాడు. భాషలో తర్కానికి లోటేమీ లేదు, లోపల మాట్లాడుకోడానికి మనుషులే మిగల్లేదు. అక్కడ అసంబద్ధత అస్తిత్వ సమస్య కాదు, సోమవారం పొద్దున్న ఆఫీసు.

హావెల్ 1979లో జైలుకెళ్ళాడు. 1982లో అవిన్యోఁ ఉత్సవంలో ఆయనకి మద్దతుగా జరిగిన రాత్రి కోసం బెకెట్ 'కెటాస్ట్రఫీ' రాసి ఆయనకి అంకితమిచ్చాడు. రంగస్థలం మీద ఒక మనిషిని దిమ్మె మీద నిలబెట్టి, తల ఇలా, చేతులు అలా అని దర్శకుడు బొమ్మలా సర్దుతుంటాడు. అంతా అయ్యాక చప్పట్లు వినిపిస్తాయి. అప్పుడు ఆ మనిషి తల ఎత్తి ప్రేక్షకుల వైపు చూస్తాడు. చప్పట్లు తడబడి ఆగిపోతాయి. బెకెట్ రాజకీయం రాయడన్నవాళ్ళకి ఆ చూపు సరిపోతుంది.

అందుకే 'అర్థం లేదు' అన్న జవాబు నాకు చాలదు. కామూకీ బెకెట్‌కీ తేడా కూడా అక్కడే కనిపిస్తుంది. కామూ సిసిఫస్ వీరుడే, కానీ ఒంటరి వీరుడు. బండ, కొండ, అతను, అంతే. గోడో కోసం చూసేవాళ్ళు ఇద్దరు. వ్లదిమీర్ జేబులోంచి క్యారెట్ తీసి ఎస్ట్రాగన్‌కి ఇస్తాడు. తిట్టుకుంటారు, విడిపోదామనుకుంటారు, మళ్ళీ కావలించుకుంటారు. రెండో అంకంలో ఎస్ట్రాగన్ నిద్రపోతే వ్లదిమీర్ తన కోటు విప్పి కప్పి, తను చలికి చేతులు ఊపుకుంటూ అటూ ఇటూ నడుస్తాడు. తత్వశాస్త్రం మీద వచ్చిన వ్యాసాల్లో ఈ కోటు ప్రస్తావన తక్కువ. గోడో ఎవరో తనకి తెలిస్తే నాటకంలోనే చెప్పేవాణ్ణని బెకెట్ అన్నాడు. కోటు ఎవరు ఎవరికి కప్పారన్నది మాత్రం నాటకంలోనే స్పష్టంగా రాశాడు.